వివాహ నిబంధన ఇద్దరిదీ: ఉద్దానం తీర సంఘాల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

క్రైస్తవ వివాహమును గూర్చిన మన బోధ ఎక్కువగా పెండ్లి దినముతోనే ముగుస్తున్నది. లేఖనమైతే వివాహమును నిబంధన అంటుంది (మలాకీ 2:14). నిబంధనకు ఆరంభము ఎంత ముఖ్యమో నిలకడ కూడా అంతే ముఖ్యము. అది ఇద్దరినీ సమానముగా కట్టివేస్తుందా? పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాము.

1. చట్టము నడచిన దారి

కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని ఆరంభించారు. తరువాత వారి సేవ ఉత్తరాన శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటలకు విస్తరించింది. అప్పట్లో టెక్కలి, సోంపేట ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. అప్పటికే రెండు చట్టాలు అమలులో ఉన్నాయి. క్రీస్తును అంగీకరించినందుకు భర్తగాని భార్యగాని విడిచిపోతే ఏమి చేయాలో 1866 నాటి చట్టము చెప్పింది. 1 కొరింథీయులకు 7:12-16లో పౌలు ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము లైసెన్సు గల వ్యక్తి సమక్షమును, ఇద్దరు సాక్షులను, దేవుని యెదుట ప్రమాణమును కోరింది.

అయితే 1869 నాటి విడాకుల చట్టములో ఒక అసమానత ఉండేది. భార్య వ్యభిచరించిందని రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారము ఒక్కటే చాలదు. దానితోపాటు క్రూరత్వమో, విడిచిపోవుటయో వంటి మరొక నేరము చూపవలసి వచ్చేది. ఈ భేదము 2001 సవరణతో తొలగింది. భార్యాభర్తల బాధ్యతలు పరస్పరమైనవని పౌలు మొదటి శతాబ్దములోనే వ్రాశాడు (1 కొరింథీ. 7:3-4). చట్టము అక్కడికి చేరుటకు చాలాకాలము పట్టింది. మరి మన సంఘ ఆచరణ చేరిందా?

2. రోగములో నిబంధన

1990ల నుండి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను కుంగదీసింది. దాని మూలకారణము ఇంకా నిర్ధారణ కాలేదు. సాధారణంగా డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ కొన్ని గంటలు. తోడు వెళ్లేవారికి ఆనాటి కూలి పోయినట్టే.

భర్త మంచము పట్టిన ఇంట జీడిపప్పు పరిశ్రమకు పనికి వెళ్లి సంసారము ఈదేది భార్యే. ఆ ఇంట శిరస్సత్వము అంటే ఏమిటి? ఎఫెసీ 5:25 ప్రకారము క్రీస్తు శిరస్సత్వము అధికారము చెలాయించుట కాదు, తన్ను తాను అప్పగించుకొనుట. సొంత శరీరమును పోషించినట్లు భార్యను పోషించాలని 5:28-29 భర్తతోనే చెబుతున్నది. రోగియైన భర్తను విడువరాదని భార్యకు బోధించే మనము, భార్య రోగియైతే పుట్టింటికి పంపివేయరాదని భర్తకు అంతే గట్టిగా చెబుతున్నామా? పెండ్లిలో ఇద్దరూ పలికిన ప్రమాణము ఒక్కటే గదా!

3. దూరములో నిబంధన

ఉద్దానం నుండి అనేకులు పనుల కొరకు దూరనగరాలకు, విదేశాలకు వలస వెళ్తున్నారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చి ఉన్న బ్రతుకుతెరువును దెబ్బతీసింది. 1 కొరింథీ. 7:5లో పౌలు ఎడబాటుకు రెండు హద్దులు పెట్టాడు: ఇద్దరి సమ్మతి, కొంతకాలము. పౌలు అక్కడ మాట్లాడినది ప్రార్థన కొరకైన ఎడబాటు గురించి. ప్రార్థనకే హద్దు ఉంటే, సంపాదనకు ఉండవద్దా?

ముగింపు

కాపరులకు మా మనవి మూడు మాటలు. వివాహానికి ముందు ఇరువైపులవారు రోగమును దాచకుండా చెప్పుకొనునట్లు చూడండి. వలస వెళ్లేముందు దంపతులిద్దరితో కూర్చొని తిరిగివచ్చే గడువు మాట్లాడండి. డయాలసిస్ ఇంటికి సంఘముగా వంతులవారీగా తోడు వెళ్లండి. విధవరాలైన సహోదరిని మరువకండి (యాకోబు 1:27). పెండ్లి ప్రమాణానికి సాక్షిగా నిలిచిన సంఘము, ఆ ప్రమాణము బరువెక్కిన దినమున కూడా ప్రక్కన నిలువవలసి ఉన్నది.