పాత హ్యామ్ రేడియో కొన్నారా? వెంటనే ప్లగ్ పెట్టకండి

గ్యారేజ్ సేల్స్‌లో, హ్యామ్‌ఫెస్టుల్లో బరువైన ఇనుప పెట్టెల్లాంటి పాత రిసీవర్లు కనిపిస్తుంటాయి. వాటిని తెచ్చి బాగుచేయడం నాకు కొన్నేళ్లుగా సరదా. బీఎస్సీలో చదివిన ఫిజిక్సు పిల్లలు స్కూలుకెళ్లాక ఇలా పనికొస్తోంది. ఇటు రావాలనుకునే మనవాళ్ల కోసం తెలుసుకోవాల్సినవి రాస్తున్నాను.

ఏది కొనాలి?

షికాగోలోని హాలిక్రాఫ్టర్స్ కంపెనీ 1946లో తెచ్చిన ఎస్-38 నేర్చుకోవడానికి బాగుంటుంది. మొదటి మోడల్‌లో ఆరు ట్యూబులే. మీడియం వేవ్ నుంచి 32 మెగాహెర్ట్జ్ దాకా నాలుగు బ్యాండ్లు. నేషనల్ హెచ్ఆర్ఓ, కాలిన్స్ 75ఎ లాంటివి ఇంతకంటే గొప్ప రిసీవర్లే కానీ ధరా ఎక్కువ, పనీ ఎక్కువ. యుద్ధకాలపు మిలిటరీ సెట్లలో కొన్నింటి డయల్ మీద రేడియం రంగు ఉంటుంది. దాన్ని గీకకండి, పిల్లలకు ఇవ్వకండి.

అసలు ప్రమాదం

ఎస్-38లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 12 వోల్టుల ట్యూబులు నాలుగు, 35 వోల్టులవి రెండు. అన్నీ సీరీస్‌లో కలిపితే దాదాపు 118 వోల్టులు, అంటే గోడ కరెంటుకు నేరుగా సరిపోతుంది. పెళ్లింటి సీరియల్ లైట్లలాగే ఒక ఫిలమెంటు తెగితే అన్నీ ఆరిపోతాయి. కానీ లోపలి ఇన్సులేషన్ పాడైతే బయటి ఇనుప పెట్టెకే కరెంటు రావచ్చు. స్విచ్ ఆపినా రావచ్చు. అందుకే బాగుచేసేటప్పుడు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇండియాకు తీసుకెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 230 వోల్టులను 110కి తగ్గించే స్టెప్‌డౌన్లలో చాలావరకు ఆటోట్రాన్స్‌ఫార్మర్లే. అవి వోల్టేజీ తగ్గిస్తాయి కానీ షాక్ నుంచి కాపాడవు.

పని వరస

1. ప్లగ్ తీసి, కెపాసిటర్లలో మిగిలిన చార్జిని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయాలి.
2. మైనం పూసిన పేపర్ కెపాసిటర్లన్నీ మార్చాలి. ఇన్నేళ్లకు అవి లీకవుతాయి. 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్లు వేయొచ్చు. మెయిన్స్‌కు తగిలే చోట మాత్రం సేఫ్టీ రేటింగు ఉన్నవే వేయాలి.
3. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, పగిలిన కరెంటు వైరు మార్చాలి.
4. కార్బన్ రెసిస్టర్లను మీటరుతో చూడాలి. వాటి విలువ కాలంతో పెరుగుతుంది.
5. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టాలి. అది పూర్తి వెలుగుతో నిలిచిపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు.

ముందే ట్యూబులు కొనేయకండి. చాలాసార్లు అవి బాగానే ఉంటాయి. చెడిపోయేవి కెపాసిటర్లే.

ఏం వినొచ్చు?

కొలరాడోలోని డబ్ల్యుడబ్ల్యువి స్టేషన్ 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లలో సమయం చెబుతుంటుంది. మీ డయల్ సరిగ్గా ఉందో లేదో దాంతో సరిచూసుకోవచ్చు. రాత్రిళ్లు 7 మెగాహెర్ట్జ్ దగ్గర హ్యాముల సంభాషణలు దొరుకుతాయి. బాతు అరుపులా వినిపిస్తే బీఎఫ్ఓ స్విచ్ వేసి, మెల్లగా తిప్పండి. మాట తేటపడుతుంది.

అమెరికాలో హ్యాముల మాటలు వినడానికి లైసెన్సు అక్కర్లేదు. తిరిగి మాట్లాడాలంటే మాత్రం పరీక్ష రాసి ఎఫ్‌సీసీ లైసెన్సు తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న మీవాళ్లకు ఆసక్తి ఉంటే అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగమనండి.