శనివారం రాత్రి మన భజన గుడి

స్వర్ణోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని కమిటీవాళ్లు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా గురువుగారి వేళ్లు. హార్మోనియం తిత్తి చినిగితే సైకిల్ ట్యూబు ముక్క కోసి, అంచు గీకి, ఊపిరి బిగబట్టి అతికించిన వేళ్లవి.

ఆయన కోలారు బంగారు గనుల్లో పనిచేసి వచ్చిన మనిషి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న చాంపియన్ రీఫ్‌లో దిగినవారు. అక్కడ దొరలకు క్లబ్బు ఉండేది. లైన్ల ఇళ్లలో కాపురముండే కూలీలకు షిఫ్టు దిగినాక భజనే దిక్కు. ఆ అలవాటునే ఆయన రామకుప్పానికి తెచ్చినారు. గుడి గడప దాటినాక అప్పు మాట, గట్టు తగాదా ఎత్తకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క కట్టడి. పొద్దున చేను కాడ కొట్టుకున్న అన్నదమ్ములు రాత్రి ఎదురెదురుగా కూర్చుని తాళం తప్పకుండా వాయించడం నేను కళ్లారా చూసినాను.

గుడి వెలిసిన తర్వాతి ఏళ్లన్నీ శనివారం భజనలు, ధనుర్మాసం సంకీర్తనలు, ఎండాకాలం భారతం పద్దెనిమిది రోజుల సేవలతో సాగిపోయినాయి.

కష్టకాలం 2001లో మొదలైంది. ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. మరుసటేడు దేశమంతా కరువు. బోర్లు ఎండిపోయి మగవాళ్లు కుప్పంలో రైలెక్కి బెంగళూరు దారి పట్టినారు. ఒక శనివారం గుడికి ముగ్గురమే వచ్చినాము: గురువుగారు, నేను, మద్దెలాయన. ఇంటికి పోదామన్నాను. "దీపం పెట్టినాక పాడాల్సిందే నాయనా" అన్నారు గురువుగారు. గని దుమ్ముకు దగ్గు పట్టిన గొంతుతోనే మంగళహారతి దాకా పాడినారు. ఏనుగులు చేలో పడే రోజుల్లో కూడా కాపలా వాళ్లు ఇక్కడే చేరి, టపాకాయలు పట్టుకుని జతలు జతలుగా బయలుదేరేవాళ్లు.

స్థలమిచ్చిన రైతు, ఇటుకలిచ్చిన బట్టీ యజమాని, రేకులిచ్చిన మిల్లువారు, మైకు సెట్టు ఇచ్చిన బట్టలంగడి ఆయన, పటాలు కట్టించిన అయ్యవార్లు, ఉగాదికి సున్నం కొట్టించే ఆడబిడ్డలు, కూలి తీసుకోకుండా కరెంటు పని చేసిన పిల్లోళ్లు, అందరికీ పేరుపేరునా దండాలు. వాళ్ల పేర్లన్నీ వాకిట్లో రాతిపలక మీద ఉన్నాయి.

మద్దెలాయన పేరు మాత్రం లేదు. తోలు మార్చి, వార్లు బిగించి, ఎడమ మూతికి రవ్వ ముద్ద మెత్తి ఇన్నేళ్లూ ఆ మద్దెలను పలికించింది ఆయనే. మొదట్లో అరుగు మీదే కూర్చుని వాయించేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఒక రాత్రి గురువుగారు పాట మధ్యలో లేచిపోయి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నారు. ఆ మరుసటి వారం నుంచి ఆయన లోపలే. పలక చెక్కించేనాటికి గురువుగారు లేరు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు చాలన్నారు. నేనూ కమిటీలో ఉన్నాను, నోరెత్తలేదు.

పలక అడుగున రెండు వరుసల చోటు ఉంది. ఉత్సవం ముగిసేలోగా అక్కడ ఆయన పేరు చెక్కించండి. చెక్కేవాళ్ల కూలి నేనిస్తాను.