కల్లు మండువ

కల్లు మండువ అనగా గీత కార్మికులు చెట్ల నుండి దింపిన కల్లును అక్కడికక్కడే అమ్మే స్థలం. తెలంగాణ ఉత్తర భాగంలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో ఇవి తరతరాలుగా కలవు. సాధారణంగా ఊరి చివర తాటివనం లేదా ఈతవనం అంచున ఉంటాయి. పట్టణాలలోని పెద్ద దుకాణాలను కల్లు కాంపౌండు అని అంటారు.

కల్లు గీత

కల్లు గీయడం గౌడ కులస్థుల సంప్రదాయ వృత్తి. గీత కార్మికుడు మోకు, ముత్తాదు, గుజి సాయంతో తాటిచెట్టు ఎక్కుతాడు. గెల కొనను కత్తితో పలుచగా చెక్కి, కారే రసం పట్టడానికి లొట్టి కడతాడు. ఈతచెట్టుకు గెలను గాక మొవ్వు దగ్గరి కాండాన్ని గీస్తారు. తాటికల్లు ముఖ్యంగా ఎండాకాలంలో, ఈతకల్లు ముఖ్యంగా చలికాలంలో లభిస్తాయి.

చెట్టు నుండి కారే తాజా రసం తీపిగా ఉంటుంది. పులియని ఈ రసమే నీరా. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్టు వలన ఇది కొద్ది గంటలలోనే పులిసి కల్లు అవుతుంది. కల్లులో ఆల్కహాలు సాధారణంగా 4 నుండి 6 శాతం ఉంటుంది. మరునాటికి పుల్లబడి పాడవుతుంది. అందువలన కల్లును దూరప్రాంతాలకు పంపడం కష్టం. మండువ చెట్ల దగ్గరే వెలియడానికి కారణం ఇదే.

చరిత్ర

నిజాం పాలనలో ఆబ్కారీ ప్రభుత్వానికి ప్రధాన ఆదాయ మార్గాలలో ఒకటి. కల్లు అమ్మే హక్కును వేలం వేసి గుత్తేదార్లకు ఇచ్చేవారు. చెట్టెక్కే గీత కార్మికుడు వారి కింద కూలివాడుగా మిగిలేవాడు. వెట్టిచాకిరిలో భాగంగా దొరల ఇళ్ళకు ఉచితంగా కల్లు పోయవలసి వచ్చేది. తరువాతి కాలంలో గీత కార్మికుల సహకార సంఘాలకు, విడిగా కార్మికులకు చెట్లు కేటాయించే పద్ధతులు ఏర్పడ్డాయి. 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడింది. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో ఈ ప్రాంతం జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కొమరంభీం ఆసిఫాబాద్ మొదలైన జిల్లాలుగా ఏర్పడింది.

సామాజిక ప్రాధాన్యం

మండువ కేవలం అమ్మకపు స్థలం కాదు. పొలం పనులు ముగించుకొని వచ్చినవారు ఊరి సంగతులు మాట్లాడుకొనే చోటు కూడా. పోచమ్మ, ఎల్లమ్మ వంటి గ్రామదేవతలకు కల్లు సాక పోయడం ఆచారం. గౌడులు ఎల్లమ్మను, కాటమయ్యను కొలుస్తారు. ఆదిలాబాదు ప్రాంతపు గోండులు పూజలలో వాడే ఇప్పసారా దీనికి భిన్నమైనది. అది ఇప్పపూలను పులియబెట్టి బట్టీపట్టగా వచ్చేది.

నేటి మండువ

మండువలో కూర్చోవడానికి చెట్టునీడ, పందిరి ఉంటాయి. కల్లును సీసాలలోను, ముంతలలోను ఇస్తారు. తాటాకును దొప్పగా మడిచి నోటి దగ్గర పట్టుకొంటే లొట్టి నుండి పోసే పాత పద్ధతి కొన్ని చోట్ల ఇంకా కలదు. నంజుకోవడానికి గుడాలు, పల్లీలు, వేయించిన చేపలు, కోడికూర వంటివి దొరుకుతాయి. ఉదయం దింపిన కల్లు తియ్యగా, సాయంత్రానికి ఘాటుగా ఉంటుంది.

సమస్యలు

గిరాకీకి తగినన్ని చెట్లు లేనిచోట కల్తీ ప్రవేశించింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు నీళ్ళలో కలిపి కల్లుగా అమ్మడం తెలంగాణలో పలుమార్లు బయటపడింది. వీటికి అలవాటు పడినవారు ఒక్కసారిగా మానివేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలుగుతాయి. 2015లో కల్తీపై దాడులు పెరిగినప్పుడు ఇటువంటి లక్షణాలతో అనేకులు ఆసుపత్రులలో చేరారు. వనం పక్కన, కళ్ళెదుట లొట్టి దిగే మండువకు నేటికీ ఆదరణ ఉండటానికి ఇది ఒక కారణం. చెట్లు లేనిచోట ఏడాది పొడవునా విరివిగా దొరికే కల్లు అనుమానించదగినది.

చెట్టుపై నుండి పడి మరణించడం, అంగవైకల్యం పొందడం ఈ వృత్తిలోని పెద్ద ప్రమాదం. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభించింది. 2015లో మొదలైన హరితహారంలో తాటి, ఈత మొక్కలు కూడా నాటారు. అయితే తాటి మొక్క గీతకు రావడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. చెట్టెక్కడం నేర్చుకొనే యువకులు తగ్గిపోవడంతో, చెట్లు ఉన్నప్పటికీ కొన్ని ఊళ్ళలో మండువలు మూతపడుతున్నాయి.