గిటారు ర్యాకులు: పాత సామానా, అపురూప వస్తువులా?

పాత ఒక రోత, కొత్త ఒక వింత అని మన పెద్దలు అన్నారు. ఈ సామెతలో సగం సంగతే వున్నది. రోత అనిపించుకున్న పాతలో కొంత భాగం మరికొంత కాలానికి తిరిగి వింత కావటం కూడా లోకంలో కద్దు. స్టీలు సామాను వచ్చిన కొత్తలో ఇత్తడి బిందెలు, కంచు చెంబులు తూకానికి వెళ్ళిపోయినవి. ఇప్పుడు వాటినే తోమించి ముందుగదిలో అలంకారంగా పెట్టుకుంటున్నారు. పౌరాణిక నాటక పద్యాల గ్రామఫోను ప్లేట్లు అటకల మీద పగిలినవి పగలగా, మిగిలిన వాటికోసం సేకరించేవారు వూరూరా వెతుకుతున్నారు. అయితే పాతదల్లా అపురూపం కాదు. ఏది అవుతుంది, ఏది కాదు, ఎందువల్ల అనే ప్రశ్న ఆలోచించదగినది. ఈ ప్రశ్నను తేల్చుకోవటానికి మన కాలంలోనే పుట్టి, వెలిగి, మూలబడిన ఒక వస్తువు చరిత్రను ఇక్కడ పరిశీలిద్దాము. ఆ వస్తువు గిటారు వాద్యగాండ్లు వాడిన ర్యాకు.

ర్యాకు అంటే ఏమిటో ముందుగా చెప్పుకోవాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగ మీటితే వచ్చే ధ్వని దానంతట అది చాలా పల్చగా వుంటుంది. దానికి బలం ఇచ్చేది యాంప్లిఫయరు. ప్రతిధ్వని, మారుమోత, వణుకు, గరగర వంటి అలంకారాలు తొడిగేవి వేరే యంత్రాలు. ఆ యంత్రాలను చిన్న డబ్బీలుగా చేసి నేలమీద పెట్టి కాలితో తొక్కితే వాటిని పెడళ్ళు అంటారు. అటువంటి యంత్రాలనే పెద్దవిగా చేసి, 19 అంగుళాల వెడల్పుగల లోహపు పలకలకు బిగించి, బీరువా అరల మాదిరి ఒకదానిమీద ఒకటి పేర్చితే అది ర్యాకు. బెంగుళూరులోనూ, చెన్నైలోనూ, ముంబయిలోనూ మన పిల్లలు వీణ, వయొలిన్‌లతో పాటు గిటారు కూడా నేర్చుకుంటున్నారు గనుక ఈ సంగతి మనకు మరీ పరాయిది కాదు.

ఈ 19 అంగుళాల కొలత సంగీతం కోసం పుట్టినది కాదు. 1920ల్లో అమెరికాలో టెలిఫోను కార్యాలయాల సామానును తక్కువ చోటులో అమర్చటానికి దానిని స్థిరపరిచారు. ఒక్కొక్క అర ఎత్తు ఒకటిముప్పావు అంగుళం. తరువాత రేడియో కేంద్రాలు, రికార్డింగు స్టూడియోలు, కంప్యూటరు గదులు అన్నీ దీన్నే స్వీకరించినవి. ఇంచుమించు నూరేళ్ళుగా ఈ కొలత మారలేదు. అందుచేత 1960 నాటి పెట్టెను నేడు కొన్న బీరువాలో సుఖంగా బిగించుకోవచ్చు. పాత యంత్రం వాడకంలో నిలిచి వుండటానికి ఇదికూడా ఒక సదుపాయమే.

స్టూడియోలలో ప్రతిధ్వని కల్పించటం ఒకప్పుడు పెద్ద యజ్ఞం. 1957లో జర్మనీలో ఇ.ఎం.టి. 140 అనే యంత్రం వచ్చింది. పెద్ద ఉక్కు రేకును వేలాడదీసి, ధ్వనితో దానిని కంపింపజేసి, ఆ కంపనాన్ని తిరిగి పట్టుకోవటం దాని పద్ధతి. బరువు పావు టన్నుకు పైమాటే. దాన్ని కదల్చాలంటే నలుగురు మనుషులు కావలసిందే. అటువంటి పనిని ఒక చిన్న పెట్టెలోకి తెచ్చినది డిజిటల్ విద్య. 1975లో అమెరికాలో ఈవెంటైడ్ సంస్థవారు హెచ్ 910 అనే పెట్టెను విడుదల చేశారు. అది స్వరస్థాయిని పైకి గాని కిందికి గాని జరపగలదు. 1977లో వచ్చిన డేవిడ్ బోవీ ‘లో’ అనే రికార్డులో డ్రమ్ము ధ్వని జారిపోతున్నట్టు వినిపించేది దీని మహిమే. 1978లో లెక్సికన్ సంస్థవారి 224 వచ్చి, విశాలమైన మందిరపు మారుమోతను అంకెల లెక్కతో సృష్టించింది. ఇవి స్టూడియోలు కొనగలిగిన యంత్రాలే గాని మామూలు వాద్యగాడికి అందేవి కావు.

అందుబాటులోకి తెచ్చినది 1980ల దశాబ్దం. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన సంగీత వర్తకుల ప్రదర్శనలో రెండు వేర్వేరు సంస్థల వాద్యాలను ఒక తీగతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండవది పలికేటట్టు చూపించారు. మిడి అనే ఈ ఏర్పాటుకోసం పాటుపడిన అమెరికా వాడు డేవ్ స్మిత్‌కూ, జపాను వాడు ఇకుటారో కాకెహాషికీ 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారం లభించింది. మిడి వచ్చాక ఒక్క మీట తొక్కితే పది పెట్టెలు ఒకేసారి తమ స్థితి మార్చుకునే వీలు కలిగింది. లాస్ ఏంజిలిస్‌లో బాబ్ బ్రాడ్‌షా అనే నిపుణుడు ఇటువంటి అమరికలను ఒక్కొక్క వాద్యగాడికి ఒక్కొక్క తీరుగా నిర్మించి ఇచ్చాడు. స్టీవ్ లూకథర్, మైకేల్ లాండౌ మొదలైనవారు పొద్దున ఒక స్టూడియోలో, సాయంత్రం మరొక స్టూడియోలో వాయించేవారు. అడిగిన ధ్వని అడిగిన క్షణంలో ఇవ్వటం వారికి బ్రతుకుతెరువు. ర్యాకు వారికి ఆడంబరం కాదు, వృత్తి పనిముట్టు. రోలండ్ ఎస్.డి.ఇ. 3000, కార్గ్ ఎస్.డి.డి. 3000, యమహా ఎస్.పి.ఎక్స్. 90, టి.సి. 2290, లెక్సికన్ పి.సి.ఎం. 70 వంటి పేర్లు ఆనాటి వాద్యగాండ్ల నోట మంత్రాల్లా నలిగినవి. పెద్దవారిని చూసి చిన్నవారు అప్పుచేసి కొన్నారు.

తరువాత గాలి మారింది. 1991 సెప్టెంబరులో నిర్వాణా బృందంవారి ‘నెవర్‌మైండ్’ వెలువడింది. నునుపైన, అలంకారభరితమైన గిటారు ధ్వని మీద యువతకు మొహం మొత్తింది. నేరుగా, మొరటుగా వుండటమే గొప్ప అయింది. చిత్రమేమంటే ఆ బృందం నాయకుడు కర్ట్ కోబేన్ కూడా వేదిక మీద మీసా బూగీ వారి ర్యాకు పెట్టెనొకదాన్ని వాడినవాడే. ఫ్యాషను మారేటప్పుడు ఇటువంటి సూక్ష్మాలు ఎవరూ చూడరు. పైగా ర్యాకు బరువు. మోయటానికి మనిషి కావాలి, కూలి కావాలి. 1998లో లైన్ 6 వారి పాడ్ అనే చిన్న యంత్రం నానావిధ యాంప్లిఫయర్ల ధ్వనులను ఒంటిచేతితో మోసుకుపోయే వీలు కల్పించింది. వేల డాలర్ల పెట్టెలు పాతసామాను అంగళ్ళలో వందలకు దిగినవి.

అవి మళ్ళీ గిరాకీ వస్తువులు కాగలవా? దీనికి పూర్వోదాహరణలు రెండు చూద్దాము.

మొదటిది గిబ్సన్ సంస్థవారి లెస్ పాల్ గిటారు. 1958 నుంచి 1960 వరకు ఎరుపు పసుపు కలిసిన ఛాయలో వీటిని సుమారు 1500 చేశారు. అప్పటి ధర 300 డాలర్లకు లోపే. అమ్మకం లేక ఆ నమూనానే నిలిపివేశారు. అయితే 1966లో ఎరిక్ క్లాప్టన్ ఇటువంటి గిటారును జాన్ మేయాల్ బృందంతో వాయించి రికార్డు చేసేసరికి యువకులందరికీ ఆ ధ్వనే కావలసి వచ్చింది. గిరాకీ చూసి గిబ్సన్‌వారు 1968లో లెస్ పాల్ తయారీ తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. అయినా పాతవాటి ధర తగ్గకపోగా ఈనాడు లక్షల డాలర్లకు చేరింది.

రెండవదానిలో మన దేశానికి కూడా భాగం వున్నది. జపానులోని రోలండ్ సంస్థవారు 1981లో టి.బి. 303 అనే చిన్న యంత్రం చేశారు. గిటారు వాద్యగాడు ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు పక్కన మంద్రస్వరం పలకటం దాని వుద్యోగం. ధ్వని సహజంగా లేదని ఎవరూ కొనలేదు, 1984లో ఆపివేశారు. మిగిలినవి తాకట్టు కొట్లలో చవకగా దొరికేవి. ముంబయి సినిమా వాద్యబృందాలలో గిటారు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఇదే యంత్రం మీద పది రాగాలను నాట్యపు తాళంలో వాయించి రికార్డు ఇచ్చారు. దాన్నీ ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. 1987లో షికాగో యువకులు ఫ్యూచర్ అనే పేరుతో ఈ చవక యంత్రాన్నే వికృతంగా తిప్పి కొత్త నాట్యసంగీతాన్ని పుట్టించారు. దానితో యంత్రం బంగారమయింది. 2010లో చరణ్‌జిత్ సింగ్ రికార్డును తిరిగి విడుదల చేయగా లోకం ఆశ్చర్యపోయింది. 2015లో ఆయన పరమపదించేలోగా ఆ గౌరవాన్ని కళ్ళారా చూడగలిగారు.

ఈ రెండు కథల వల్ల తేలేది ఒకటున్నది. వస్తువు మొదటి ధర దాని భవిష్యత్తును నిర్ణయించదు. వయస్సు కూడా నిర్ణయించదు. జనం చెవిలో నిలిచిపోయిన పాటలో ఆ వస్తువు గొంతు వినిపించాలి. ఆ గొంతు మరొక వస్తువుకు సులభంగా రాకూడదు. అది చెడిపోతే బాగుచేసే దారి వుండాలి.

ఈ మూడవ షరతు వద్దనే ర్యాకు పెట్టెలకు చిక్కు వస్తున్నది. 1950ల చివర అమెరికాలో చేసిన ఫెయిర్‌చైల్డ్ 670 అనే పెట్టెకూడా ర్యాకులో బిగించేదే. అందులో 20 వాల్వులు, 14 ట్రాన్స్‌ఫార్మర్లు వున్నవి. బరువు ముప్ఫై కిలోల ప్రాంతం. అయినా వాల్వు పోతే మరొక వాల్వు దొరుకుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలితే తిరిగి చుట్టించవచ్చు. కనుకనే అది ఇవాళ అతి విలువైన స్టూడియో సామాను. 1980ల డిజిటల్ పెట్టె సంగతి వేరు. దాని ప్రాణం ఆ సంస్థ తనకోసమే చేయించుకున్న ఐసీలలో వుంటుంది. అది పోతే కొత్తది లేదు; మరొక పాత పెట్టెను చంపి దీన్ని బ్రతికించాలి. జ్ఞాపకశక్తిని కాపాడే చిన్న బ్యాటరీ ఏనాటికయినా అయిపోతుంది. దానితో వాద్యగాడు దాచుకున్న అమరికలన్నీ తుడిచిపెట్టుకుపోతవి. కండెన్సర్లు ఎండుతవి, అద్దం మీది అక్షరాలు మసకబారుతవి. విడిభాగం దొరక్కపోతే తయారీయే ఆగిపోవచ్చు. రోలండ్‌వారి టి.ఆర్. 808 తాళయంత్రం అట్లాగే ఆగింది. లోపంగల ఒక రకం ట్రాన్సిస్టర్ల వల్లనే దానికి ఆ ధ్వని వచ్చేది. కర్మాగారాలు మెరుగుపడి లోపంగల సరుకే రాకుండా పోయింది!

కంప్యూటరులోనే ఈ ధ్వనులన్నీ దొరుకుతున్నప్పుడు పాత పెట్టె ఎందుకని మరికొందరి వాదం. ఇది తీసివేయదగిన మాట కాదు. హెచ్ 910, లెక్సికన్ 224 రెండూ ఇప్పుడు సాఫ్ట్‌వేరు రూపంలో అమ్ముడవుతున్నవి. కాని చేసినవారే పాత పేర్లను మళ్ళీ తలుచుకోవటం గమనించాలి. కార్గ్‌వారు 2014లో ఎస్.డి.డి. 3000ను పెడల్ రూపంలో తెచ్చారు. రోలండ్ సంతతివారైన బాస్ సంస్థ 2023లో ఎస్.డి.ఇ. 3000 పేరుతో కొత్త పెడళ్ళు విడుదల చేసింది. అక్కరలేని పేరును వర్తకుడు నలభై ఏళ్ళ తరువాత బయటికి తీయడు. నకలు పెరిగినకొద్దీ అసలుకు కీర్తి పెరగటం లెస్ పాల్ విషయంలో చూచాము. అయితే ఆ కీర్తి ధరగా మారేది కొద్ది పెట్టెలకే.

నా అభిప్రాయంలో ర్యాకు సామాను మూడు తెగలుగా విడిపోతుంది. వాల్వులతోగాని, సాధారణంగా దొరికే విడిభాగాలతోగాని నడిచే పాత అనలాగ్ పెట్టెలు తప్పక నిలుస్తవి. 1979 నాటి రోలండ్ డైమెన్షన్ డి వంటివాటికి ఇప్పటికే ఆ హోదా వచ్చింది. ఏదో ఒక ప్రసిద్ధమైన ధ్వనికి మారుపేరయిన కొద్ది డిజిటల్ పెట్టెలు, నడిచినంతకాలం అపురూపంగానే వుంటవి. ఆగిన తరువాత ప్రదర్శనశాలలో చూడవలసినవే. వేల సంఖ్యలో తయారై, తమకంటూ ఒక గొంతు లేని మిగిలిన పెట్టెలు ఎంత పాతబడ్డా పాతసామానుగానే వుంటవి. కనుక లాభం ఆశించి వీటిని కొని అటకెక్కించటం తెలివైన పని కాదు. వాయించేవారు వాయించటానికి కొంటే మాత్రం, చవకలో మంచి పనిముట్టు దొరికినట్టే.

ఇంట్లో అటువంటి పెట్టె వుంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. జపానులో అమ్మినది 100 వోల్టులకు, అమెరికాలో అమ్మినది 120 వోల్టుల ప్రాంతానికి చేసినదై వుంటుంది. మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలిస్తే ఒక్క క్షణంలో బూడిద. వెనుకవైపు రాసివున్నది చదివి, తగిన ట్రాన్స్‌ఫార్మరుతోనే వెలిగించాలి. చెన్నై వంటి సముద్రతీరాల్లో తేమకు లోహపు పళ్ళు తుప్పుపడతవి. పొడిగావుండే గదిలో వుంచి అప్పుడప్పుడు నడిపిస్తూ వుండాలి. బ్యాటరీ మార్పించేముందు అందులోని అమరికలను కాగితం మీద ఎక్కించుకోవాలి. పెట్టెతో వచ్చిన పుస్తకాన్ని పారవేయరాదు. రేపు మరమ్మతు చేసేవాడికి అదే ఆధారం.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి వున్నది. గ్రామఫోను ప్లేట్లు చాలావాటి మీద గాయకుడి పేరు వుంటుంది, హార్మణీ వాయించినవాడి పేరు వుండదు. ప్లేటు దొరికినా ఆ మనిషి మనకు దొరకడు. వలసవచ్చిన వూళ్ళలో ఆర్కెస్ట్రాలలో, పెళ్ళిపందిళ్ళలో, సినిమా స్టూడియోలలో వాయించి కుటుంబాలు పోషించిన తెలుగువారు వున్నారు. వారి సామాను ర్యాకు కావచ్చు, పెడల్ కావచ్చు, హార్మణీ పెట్టె కావచ్చు. ఏటా ఉగాదికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటువంటిది చేతికి తగిలితే, అమ్మినా దాచినా సరే, ఎవరు కొన్నారు, ఏ యేట కొన్నారు, ఎక్కడెక్కడ వాయించారు అన్న నాలుగు ముక్కలు రాసి దానికి అంటించాలి. పెట్టెకు రేపు ధర పలకవచ్చు, పలకకపోవచ్చు. ఆ నాలుగు ముక్కలు మాత్రం మరెక్కడా కొనటానికి దొరకవు.