కిత్తిమ

యాంగోన్ నగరం చౌక్తడాలో ఎర్రఇటుకల పాత హైకోర్టు భవనం ఉంది. అక్కడి కోర్టు అమలుచేసిన బర్మా బౌద్ధుల కుటుంబ న్యాయంలో, వారసుడిగా పెంచుకున్న బిడ్డ ‘కిత్తిమ’. 1939లో ఆ దత్తత రిజిస్ట్రేషనుకు చట్టమే వచ్చింది.

కిత్తిమ అన్న మాట పాళీది, సంస్కృతంలో ‘కృత్రిమ’. మనుస్మృతిలోని పన్నెండు రకాల కొడుకుల్లోనూ కృత్రిముడున్నాడు. మనం నకిలీ అనుకుంటాం గానీ, అసలర్థం ‘చేసుకున్నది’. కన్న బిడ్డ కాదు, చేసుకున్న బిడ్డ.

బర్మా న్యాయంలోనే, ఆస్తి ఇచ్చే ఉద్దేశం లేకుండా పెంచితే ‘అపతిత్థ’. మన 2015 బాలల న్యాయ చట్టంలోని ఫాస్టర్ కేర్‌కు ఇదే దగ్గర. తెలుగులో అయితే ‘సాకడం’. తలుపు విసిరికొట్టి వెళ్లిన పదిహేనేళ్లవాడికి అన్నం మీద మూతపెట్టి ఉంచడం సాకడమే. వాడు సాకులు చెప్పొచ్చు, సాకేవాళ్లు చెప్పకూడదు.