పౌలు వదలని మాట: అబ్బా

అన్నలారా, తమ్ముళ్లారా, ఎపిసోడ్‌లో అనుకున్న "అబ్బా" అనే మాట సంగతి ఇక్కడ రాస్తున్నా.

యేసు కాలంలో గలిలయ ఇళ్లలో అరామిక్ భాష మాట్లాడేవాళ్లు. అందులో అబ్బా అంటే నాన్న. అబుదాబి పేరులోని "అబూ" దానికి చుట్టమే. కొత్త నిబంధన గ్రీకులో రాశారు. అయినా గెత్సేమనే ప్రార్థన దగ్గర మార్కు ఆ మాటను అట్లాగే ఉంచి, పక్కన గ్రీకులో తండ్రి అని రాశాడు. మిగతా రెండు చోట్లూ పౌలువి: రోమా 8, గలతీ 4.

సుమారు క్రీ.శ. 57లో రోమా సంఘానికి రాస్తూ పౌలు దాసుణ్ణీ దత్తపుత్రుణ్ణీ పక్కపక్కన పెట్టాడు. రోమన్ చట్టంలో దాసుడికి ఆస్తి హక్కు లేదు. దత్తుడు కన్నకొడుకుతో సమానంగా వారసుడు. ఆ సంఘంలో బానిసలూ ఉండేవాళ్లు. ఈ తేడా వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మన తెలుగు బైబిల్లో కూడా రోమా పత్రికలో "అబ్బా" అట్లాగే ఉంది. తెలుగులో అబ్బ అంటే తండ్రే, దెబ్బ తగిలితే నోట వచ్చేదీ "అబ్బా" అనే. భాషలు వేరైనా మాట కుదిరింది. గెత్సేమనేలో యేసు అలా పిలిచింది వేదనలోనే కదా.

సైటులో కఫీల్ ముందు మనం పనివాళ్లం. ప్రార్థనలో కొడుకులం. శుక్రవారం కూడికలో రోమా 8 చదివేటప్పుడు ఆ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి.