మూడో గొంతు: లాటిను పూజ, తెలుగు జపం, ఒక పాత గుడి మరమ్మతు

గుంటూరు జిల్లా పడమటి అంచున ఒక కతోలిక విచారణలో (పారిష్‌లో) పాత గుడికి మరమ్మతు జరుగుతున్న రోజుల్లో నేను నాలుగు విడతలుగా అక్కడికి వెళ్లాను. ఊరి పేరు రాయను. మరమ్మతు సంఘంలో ఉన్న తగాదాలు చాలు, ఈ వ్యాసం వల్ల ఇంకొకటి పుట్టనక్కరలేదు. 1960ల చివర తీసి సామాన్ల గదిలో పడేసిన పాత పీఠాన్ని, దాని ముందుండే కొయ్య కటకటాన్ని మళ్లీ నిలబెడుతున్నారు. మేస్త్రీలు గోడకు పట్టించిన సిమెంటు చెక్కేస్తున్నారు. అరుగు మీద నా పక్కన కూర్చున్న ఎనభై దాటిన మామ్మ ఒకామె చాలాసేపు ఆ పని చూసి, "పీఠం తెచ్చుకున్నారు, బానే ఉంది నాయనా. మరి జపాలెవరు చెబుతారంట?" అంది.

సంఘంలోని కుర్రాడొకడు నవ్వాడు. ఫోనులో ఎక్కడిదో ఒక లాటిను పూజ చూపించి, "పాత పూజలో జనం మాట్లాడరు మామ్మా, మౌనంగా ఉంటారు" అన్నాడు. ఆమె ఫోను వైపు చూడనే లేదు. "ఎవరు చెప్పార్రా నీకు? మేం పైకప్పు పెంకులు కదిలిపోయేట్టు చెప్పేవాళ్లం."

ఈ పరిశోధనకు పునాది ఆ ఒక్క మాటే. పాత పూజలో జనం మూగవాళ్లన్నది సంస్కరణ కోరినవాళ్ల ఆరోపణ. పాత పూజ కావాలంటున్న ఈ కాలపు యువకులకు అదే మౌనం ఒక గొప్ప. ఒకరు లోపమన్నదాన్ని ఇంకొకరు భక్తి అంటున్నారు. ఇద్దరూ గీసుకున్న బొమ్మ మాత్రం ఒకటే. ఆ బొమ్మ మన గుళ్లది కాదని నా వాదన.

యుంగ్‌మన్‌తో పేచీ

ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం కష్టం కాదు. ఇన్స్‌బ్రుక్ యేసుసభ గురువు యోసెఫ్ ఆంద్రేయాస్ యుంగ్‌మన్ 1948లో ప్రచురించిన 'మిస్సారుం సొల్లెమ్నియా' రోమను పూజ చరిత్రకు నేటికీ పెద్ద ఆకరం. ఆయన పాండిత్యాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ గ్రంథానికి వెన్నెముక ఒక కథ: తొలి శతాబ్దాల్లో పూజ సంఘమంతటిదీ, మధ్యయుగాల్లో భాష తెలియక, పీఠం దూరమై, అది గురువుల సొంత వ్యవహారమైంది, జనం తమ తమ జపాలు చెప్పుకుంటూ ప్రేక్షకులుగా మిగిలారు. ఈ కథలో జపమాల తిప్పే ముసలమ్మ పతనానికి సాక్ష్యం.

తర్వాత వచ్చినవాళ్లు ఈ కథను తిరిగి పరీక్షించకుండా ఊరూరికీ మోసుకుపోయారు. మన వైపు విచారణల జూబిలీ సంచికలు తిరగేస్తే, "1965కు ముందు ప్రజలు అర్థం కాని భాషలో పూజ వినేవారు" అన్న అర్థం వచ్చే వాక్యం ఏదో ఒక పేజీలో తగులుతుంది. ఆ వాక్యం రాసినవాళ్లెవరూ ఆ పూజలో కూర్చున్నవాళ్లను అడిగినట్టు కనబడదు. ఇంగ్లండు గ్రామాల విషయంలో ఈమన్ డఫీ 1992లో 'ద స్ట్రిప్పింగ్ ఆఫ్ ది ఆల్టర్స్'తో ఇలాంటి కథనాన్ని గట్టిగానే ఎదుర్కొన్నాడు. తెలుగు గ్రామాల తరఫున ఆ పని చేసినవారు నాకు తగల్లేదు.

యుంగ్‌మన్ వాదంలో చిక్కు ఒకటుంది. 1930ల్లో ఆస్ట్రియాలో పియస్ పార్ష్ వంటివారు ఒక కొత్త పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు: పీఠం దగ్గర గురువు లాటినులో చిన్న పూజ చేస్తుంటే, జనం తమ భాషలో జపాలూ పాటలూ నడపడం. అక్కడి పూజాసంస్కరణ ఉద్యమం దాన్ని ముందడుగు అంది. అదే పని మా పల్నాటి అంచున ఊళ్లో జపాలు చెప్పించే ఉపదేశి చేస్తే వెనకబాటు ఎలా అవుతుంది? వియన్నాలో చేస్తే భాగస్వామ్యం, ఇక్కడ చేస్తే అజ్ఞానమా?

మూడు గొంతులు

ఆ ఊళ్లో పాత పూజ గుర్తున్న ముగ్గురితో విడివిడిగా మాట్లాడాను. ముగ్గురూ చెప్పిన క్రమం ఒకటే. గుళ్లో ఒకేసారి మూడు గొంతులుండేవి. గురువుది మొదటిది, లాటినులో, చాలాభాగం గొణుగుడు. పీఠబాలురది రెండోది, అర్థం తెలియకపోయినా తప్పు పోకుండా లాటినులో జవాబు. మూడోది ఉపదేశిదీ జనానిదీ; తెలుగులో, నిండు గొంతుతో. పాపసంకీర్తన జపం, విశ్వాస సంగ్రహం, పరలోక జపం, మంగళవార్త జపం, మధ్యమధ్య పాట. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, చెప్పులు బయట, కూర్చోవడం కింద నాపరాళ్ల మీద.

ఈ మూడింటినీ కలిపి కుట్టేది చేతిగంట. మామ్మకు లాటినులో ఒక్క ముక్క రాదు. అయినా పూజ ఎక్కడిదాకా వచ్చిందో ఆమె గంటను బట్టి చెప్పగలదు. "మొదటి గంటకు లేచి మోకాళ్ల మీద ఉంటాం. ఇంకో గంట కొట్టాక ఉపదేశిగారు చెయ్యి ఎత్తుతాడు. అంతే, పాలు తాగే పిల్ల తప్ప ఎవరూ నోరు విప్పరు. అప్పం పైకెత్తినప్పుడు తోమాగారు అన్న మాట అనుకుంటాం, లోలోపల." పూజగ్రంథం తెలిసినవారికి ఇది వెంటనే వెలుగుతుంది. మొదటి గంట 'పరిశుద్ధుడు, పరిశుద్ధుడు' అనే సాంక్టుస్ జపానిది, తర్వాతిది గురువు చేతులు అప్పం, ద్రాక్షారసం మీద చాచినప్పటిది. అప్పం ఎత్తినప్పుడు దాన్ని చూస్తూ తోమా మాట ('నా ప్రభువా, నా దేవా') అనేవారికి పదవ పియస్ పోపు 1907లో పాపపరిహార ఫలం ప్రకటించారు. ఎవరో రోములో రాసిన అనుమతి ఈ ఊరి ముసలమ్మ నాలుక మీద ఆచారమై నిలిచి ఉంది. ఆమెను మూగ ప్రేక్షకురాలనడం ఎలా?

ఇక్కడ మౌనం కూడా ఉంది, గమనించండి. అయితే అది పూజంతా పరుచుకున్న మౌనం కాదు. జపాల హోరు ఒక్కసారి ఆగితే పుట్టే మౌనం. ఫోనులో కుర్రాడు చూపించిన మౌనానికీ దీనికీ పోలిక లేదు.

ఈ పద్ధతి ఎలా పుట్టిందన్నదానికి నా జవాబు ఇది. మిషను కాలంలో ఒక్కో గురువు కింద చాలా ఊళ్లుండేవి. గురువు రాలేని ఆదివారాల్లో గుడిని నడిపింది ఉపదేశే. జనాన్ని పోగుచేసి, జపాలు చెప్పించి, పిల్లలకు సత్యోపదేశం చెప్పి, చావులకూ పుట్టుకలకూ ముందు నిలిచాడు. అంటే ఊరి ఆరాధన ముందే తెలుగులో స్థిరపడి ఉంది. గురువు గుర్రం మీదో ఎడ్లబండి మీదో వచ్చిన రోజున, జరుగుతున్న జపాల మధ్యకు పూజ వచ్చి కూర్చుంది. పూజ మధ్యకు జపాలు చొరబడ్డాయన్న యుంగ్‌మన్ లెక్క ఇక్కడ తలకిందులు.

దీని వేర్లు ఇంకా లోతున ఉన్నాయి. 18వ శతాబ్దపు కర్ణాటక మిషనులో ఫ్రెంచి యేసుసభ గురువులు తెలుగు నేర్చారు. వారిలో కూర్దూ అనే గురువు తెలుగు నిఘంటువు కూర్చాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అనే క్రైస్తవ కావ్యం రాశాడు. ఇంత తెలుగు పండిన సంఘం పూజవేళ నోరు మూసుకుని కూర్చుందంటే నమ్మలేం. ఉపదేశి గొంతు ఆనాటిదేనని చెప్పడానికి నాకు సందేహం లేదు.

వాగ్మూలాలు ముగ్గురివే కదా, ముసలితనపు జ్ఞాపకం తీపి పట్టి ఉండొచ్చు కదా అనవచ్చు. ఉండవచ్చు.

గోడ చెప్పిన సాక్ష్యం

మనుషుల జ్ఞాపకాన్ని కాదన్నా గుడిని కాదనలేం. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. దాని మీద ఒక జూబిలీకి సిమెంటు పూశారు, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు టైల్సు అంటించారు, పెంకుల కింద ప్లాస్టిక్ ఫాల్సు సీలింగు బిగించారు. ఫలితం ఊహించదగ్గదే. సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని వదలనివ్వదు. నేల నుంచి ఎక్కిన చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరి, పూత పొరలుగా ఊడి వచ్చింది. ఇప్పుడు గుడి వెనక తొట్లలో సున్నం నానుతోంది. ఒక తొట్టిలో దంచిన కరక్కాయలు, ఒక కుండలో బెల్లం నీళ్లు. బెల్లం గడ్డల కోసం చేరిన పిల్లల్ని మేస్త్రీ తాపీ చూపించి తరుముతున్నాడు.

మూడో విడత వెళ్లేసరికి ఫాల్సు సీలింగు తీసేశారు. మామ్మను లోపలికి తీసుకెళ్లి ఒక మంగళవార్త జపం చెప్పమన్నాను. అరుగు మీద చెప్పినప్పుడు ఆమె గబగబా చెప్పింది. ఇక్కడ మొదటి సగం చెప్పి ఆగింది. గొంతు పెంకుల దాకా వెళ్లి తిరిగి వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో సగం ఎత్తుకుంది. "ఆగుతున్నారేం?" అంటే, "అవతలి పక్కవాళ్లు చెప్పొద్దా?" అంది. అవతలి పక్క ఎవరూ లేరు.

జపానికి తాళం వేసింది ఈ కప్పూ ఈ గోడలే. ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు వంతులుగా చెప్పే జపానికి ఆ మారుమోత ఒక కొలత. సీలింగు బిగించిన రోజున ఆ కొలత పోయింది. మైకు వచ్చి ఒక్క గొంతు మిగిలింది. ఉమ్మడి జపాన్ని చంపడంలో సంస్కరణతో పాటు ప్లాస్టిక్ సీలింగుకూ పాలుంది.

ఇంకో సాక్ష్యం కాళ్ల కింద ఉంది. ఆడవాళ్ల వైపు, ముందు నుంచి మూడో స్తంభం పక్కన, ఒక నాపరాయి మధ్యలో పళ్లెంలా గుంట పడింది. చుట్టుపక్కల రాళ్లు అంతగా అరగలేదు. నడవ అక్కడ లేదు, గుమ్మం అక్కడ లేదు. ముగ్గురు సాక్షులూ చూపించిన ఉపదేశి చోటు అదే. అక్కడి నుంచి పీఠమూ కనబడుతుంది, జనమూ కనబడతారు.

పత్రాలు ఏమన్నాయి, మనం ఏం చేశాం

రెండో వాటికన్ మహాసభ పూజాచరణ నిర్ణయం 1963 డిసెంబరు 4న వెలువడింది. 2,147 మంది ఔనన్నారు, నలుగురు కాదన్నారు. గురువు జనం వైపు తిరగాలన్న మాట అందులో లేదు. 36వ అంశం లాటినును నిలపమంటూనే ప్రజల భాషకు తలుపు తీసింది. 118వ అంశం జనం భక్తిగీతాలను పెంచమంది. 1964 సెప్టెంబరు 26 నాటి ఆదేశం మాత్రం ప్రధాన పీఠం చుట్టూ తిరగగలిగేలా, జనానికి ఎదురుగా పూజ చేయగలిగేలా గోడకు ఎడంగా ఉంటే మేలంది. పాతవి పగలగొట్టమనలేదు. అయినా ఎంత పగిలిందంటే, సంస్కరణ పేరు చెప్పి గుళ్లలో అడ్డదిడ్డంగా మార్పులు చేశారని 1971లో రోమే ఒక లేఖలో వాపోయింది. ఈ ఊరి పీఠం సామాన్ల గదికి చేరడం ఆ అత్యుత్సాహంలో ఒక తునక. మరమ్మతు సంఘం కోపంలో న్యాయముంది.

ఆ కోపం సగంలోనే ఆగిపోవడం నా అభ్యంతరం. 1969 ఏప్రిల్ 25న భారతదేశానికి రోము పన్నెండు అనుమతులిచ్చింది. చెప్పులు విడవడం, కింద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి వగైరా. భారతీయీకరణ అంటూ దీని మీద ఎన్నో సదస్సులు జరిగాయి. ఇందులో మొదటి రెండూ మామ్మ పుట్టక ముందు నుంచే ఈ గుళ్లో ఉన్నాయి. ఎవరి అనుమతీ అడగలేదు. పైగా ఆ అనుమతులు వచ్చిన కొన్నేళ్లకే ఈ గుళ్లోకి బెంచీలు వచ్చాయి! పండితులు దేశీయత కోసం వెతుకుతున్న కాలంలోనే ఉన్న దేశీయత మీద బెంచీ వేశారు.

ఇప్పుడు వచ్చిన పునరుద్ధరణవాదులు ఆ బెంచీలు తీయడం లేదు. వాళ్ల చేతిలో ఉన్న నమూనా ఫోనులో చూసిన ఏ ఫ్రెంచి గుడిదో, అమెరికా గుడిదో. పాత పూజకు రోము 2007లో తెరిచిన తలుపును 2021 జూలై 16న మళ్లీ బిగించారు కాబట్టి ఎలాగూ లాటిను పూజ రోజూ జరగదు. మిగిలేది అలంకారం: పీఠం, కటకటం, ఆరు కొవ్వొత్తులు. జపం చెప్పే మనిషి లేని పాత పీఠం మ్యూజియం వస్తువు.

తెలుగు కతోలిక సంప్రదాయ పూజ అంటే లాటిను పూజ కాదని ఈ సాక్ష్యాలతో తేలుతోంది. అది మూడు గొంతుల పూజ. ఫిరంగిపురం నుంచి తెలంగాణ పల్లెల దాకా ఉపదేశి నడిచిన ప్రతి చోటా ఇదే ఉండి ఉండాలి. మొదటి గొంతును 1960ల్లో తెలుగులోకి మార్చారు, రెండోది దానితో కలిసిపోయింది, మూడోదాన్ని అక్కరలేదని ఆపేశారు. పూజ తెలుగులోకి వచ్చిన రోజునే జనం తెలుగు ఆగిపోయింది.

నాలుగో విడత వెళ్లినప్పుడు మరమ్మతు సంఘం నాకు పనుల జాబితా చూపించింది. పీఠానికి పాలిష్, కటకటానికి వార్నీషు, గోడకు మూడో చేయి సున్నం. చివర్లో, మార్చాల్సిన నాపరాళ్లు అన్న పద్దు కింద, ఎవరో పెన్సిలుతో రాసి ఉంది: "మూడో స్తంభం దగ్గరిది. అరిగిపోయింది."